ముగ్గురున్న ఇంట్లోంచి ఒకరు వెళ్లిపోతుంటే: నోటీసు, అద్దె, అడ్వాన్సు లెక్క ఎలా తేల్చుకోవాలి

ఇల్లంతా ఖాళీ చేసి వెళ్లిపోవడంలో పెద్ద చిక్కేమీ ఉండదు. ఇంటివాళ్లకి నెల ముందు చెప్తాం, సామాను ఆటోలో వేస్తాం, తాళం చేతిలో పెడతాం, కరెంటు బిల్లూ రంగుల ఖర్చూ పోగా అడ్వాన్సులో మిగిలింది తీసుకుంటాం. అసలు తలనొప్పి ముగ్గురో నలుగురో కలిసి ఉంటున్న ఇంట్లోంచి ఒక్కరు మాత్రం వెళ్లిపోతున్నప్పుడు మొదలవుతుంది. ఇల్లు అలాగే ఉంటుంది, అద్దె అంతే ఉంటుంది, అడ్వాన్సు ఇంటివాళ్ల దగ్గరే ఉంటుంది, మనిషి మాత్రం ఉండరు. అప్పుడు ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలి? ఇది తేల్చుకోలేక, రెండేళ్లు ఒకే గిన్నెలో అన్నం వండుకుని తిన్నవాళ్లు పదిహేను వందల దగ్గర మాటలు మానేయడం నేను చూశాను. ఒకసారి నేనూ ఇరుక్కున్నాను, కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను.

విజయనగరం తోటపాలెంలో మేడమీద పోర్షన్. రెండు గదులు, హాలు, వంటిల్లు. అద్దె 9,000, అడ్వాన్సు రెండు నెలలది 18,000. ముగ్గురం ఉండేవాళ్లం: నేను, ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేసే పలాస అక్క, డీఎస్సీ కోచింగుకి వచ్చిన సాలూరు అమ్మాయి. మనిషికి మూడు వేలు అద్దె, ఆరు వేలు అడ్వాన్సు. ఇంటివాళ్లు కింద వాటాలో ఉండేవారు, ఆవిణ్ణి పిన్నిగారూ అని పిలిచేవాళ్లం. అగ్రిమెంటు మీద అక్క పేరొక్కటే ఉంది, ఆ ఇంట్లో ముందు దిగింది తనే కాబట్టి. ఆగస్టు 18న డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడి, "వైజాగ్‌లో ఉద్యోగం వచ్చిందే, 26న జాయినైపోమన్నారు" అంది. ఇద్దరం ఎగిరి గంతేశాం. నిజంగానే అంత సంతోషం వేసింది. ఆ రాత్రి దీపం తీసేశాక సాలూరు అమ్మాయి మెల్లగా నన్ను అడిగింది, "అక్కా, మరి వచ్చే నెల అద్దె?" అని.

ఆ ఒక్క ప్రశ్న పలాస అక్కని అడగడానికి మాకు నాలుగు రోజులు పట్టింది. ఉద్యోగం వచ్చిన సంబరంలో ఉన్న మనిషిని డబ్బులేం అడుగుతాం అని మొహమాటం. అడిగేసరికి 22వ తేదీ, తను అప్పటికే సగం సామాను సర్దేసింది, వైజాగ్‌లో హాస్టల్‌కి డబ్బు కట్టేసింది, తనకి రావాల్సిన ఆరు వేలు దేనికి ఖర్చుపెట్టాలో కూడా అనుకునేసింది. "ఆగస్టు అద్దె ఇచ్చేశాను కదా, 25కి వెళ్లిపోతున్నాను కదా, ఇంకేటి బాకీ?" అంది. మేమేమో "నీ మంచం ఖాళీగా ఉన్నన్నాళ్లు ఆ మూడు వేలూ మేమిద్దరం ఎక్కణ్ణుంచి తేవాలి?" అన్నాం. కిందకి వెళ్లి అడిగితే పిన్నిగారు, "ఇల్లు ఖాళీ అవ్వలేదు కదమ్మా, అడ్వాన్సు నేనిప్పుడెందుకు తీస్తాను? మీలో మీరు చూసుకోండి" అన్నారు. ముగ్గురి మాటా వింటే ఎవరికి వారిదే న్యాయం అనిపిస్తుంది. ఎందుకంటే ముగ్గురూ మాట్లాడుతున్నది మూడు వేరువేరు సంగతుల గురించి.

నాకు ఈ విషయం అర్థమైంది తేదీలు కాగితం మీద రాసుకున్నాకే. ఇల్లు వదలడంలో మూడు తేదీలుంటాయి. వెళ్తున్నానని చెప్పిన రోజు ఒకటి, సామాను తీసుకుని వెళ్లిన రోజు ఒకటి, అద్దె బాధ్యత తీరిపోయిన రోజు ఒకటి. ఈ మూడూ ఒకే రోజు కావు, కానక్కర్లేదు. అక్క లెక్కలో సామాను తీసిన రోజే బాధ్యత కూడా తీరిపోయింది. మా లెక్కలో కొత్త మనిషి దిగేదాకా, అది ఎన్ని నెలలైనా సరే, బాధ్యత తీరదు. రెండూ తప్పే. బాధ్యత తీరే రోజుని నిర్ణయించేది చెప్పిన రోజు. అక్కణ్ణుంచి నోటీసు గడువు లెక్కపెట్టుకుంటూ వస్తే ఆగే తేదీయే ఆ మూడోది. మధ్యలో సామాను 25న తీశారా, 20నే తీశారా అన్నదానికి అద్దెతో సంబంధం లేదు.

మరి గడువు ఎన్ని రోజులు? కాగితంలో రాసుకుంటే రాసుకున్నంత. రాసుకోకపోతే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 ఉంది. నివాసానికి తీసుకున్న అద్దె ఇంటిని నెలనెలా సాగే అద్దెగా భావించి, ఇంటివాళ్లైనా అద్దెకున్నవాళ్లైనా 15 రోజుల నోటీసుతో ముగించుకోవచ్చంటుంది. నోటీసు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి, రోజుల లెక్క అది అందిన తేదీ నుంచి మొదలవుతుంది. అయితే ఆ సెక్షన్ మొదట్లోనే ఒక మాట ఉంది: ఒప్పందం గానీ, స్థానిక చట్టం గానీ, ఆచారం గానీ వేరేగా లేనప్పుడే ఈ 15 రోజులు. మన దగ్గర వాడుక నెల. విజయనగరంలో అయినా శ్రీకాకుళంలో అయినా ఏ ఇంటివాళ్లని అడిగినా "నెల ముందు చెప్పాలి" అనే అంటారు, ఇంట్లో దిగే రోజు నోటిమాటగా కూడా చెప్తారు.

ఇక్కడ 11 నెలల అగ్రిమెంటు సంగతి కూడా చెప్పాలి, చాలామందికి దానిమీద అనవసరమైన భయం ఉంది. ఏడాదికి మించిన లీజుని రిజిస్టరు చేయించాలన్నది 1908 రిజిస్ట్రేషన్ చట్టంలోని మూల నియమం, ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 1999 సవరణ తర్వాత ఏ గడువు లీజునైనా రిజిస్టరు చేయించాలి. అయినా ఆ ఖర్చూ తిరుగుడూ ఎందుకని పాత అలవాటుగా అందరూ 11 నెలలకే రాసుకుంటారు. 11 నెలలు అయ్యాక కొత్త కాగితం రాసుకోకుండా అలాగే ఉండిపోతే, ఇంటివాళ్లు అద్దె తీసుకుంటూ ఉంటే, ఆస్తి బదిలీ చట్టంలోని సెక్షన్ 116 ప్రకారం అది నెలనెలా సాగే అద్దె కిందకి వస్తుంది. అక్క పేరుతో ఉన్న కాగితానికి గడువు తీరిపోయి అప్పటికే ఏడాది దాటింది. ఆ సంగతి మా ఎవరికీ పట్టలేదు, పిన్నిగారికి కూడా.

ఇప్పటిదాకా చెప్పిందంతా ఇంటివాళ్లకీ మనకీ మధ్య సంగతి. కలిసి ఉన్న ఇంట్లో ఇంకో ఒప్పందం కూడా ఉంటుంది. అది మనలో మనకి. దానికి కాగితం ఉండదు, స్టాంపు ఉండదు. కానీ అదీ ఒప్పందమే. "మనిషికి మూడు వేలు వేసుకుందాం" అని ముగ్గురం అనుకున్న రోజే అది పుట్టింది. గొడవలన్నీ ఈ రెండు ఒప్పందాల్నీ కలిపి మాట్లాడ్డం వల్లే వస్తాయి. ఇంటివాళ్లకి చెప్పేశాను కాబట్టి రూమ్మేట్లకి వేరే చెప్పక్కర్లేదని ఒకరు అనుకుంటారు, రూమ్మేట్లకి చెప్పేశాను కాబట్టి ఇంటివాళ్లకి వాళ్లే చెప్తారులే అని ఇంకొకరు అనుకుంటారు.

అందరి పేర్లూ కాగితం మీద ఉంటే ఇంకో చిక్కు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 43 ప్రకారం, కొందరు కలిసి ఒక మాట ఇస్తే, ప్రత్యేకంగా వేరే రాసుకోకపోతే, ఆ మాట మొత్తం నెరవేర్చమని వాళ్లలో ఏ ఒక్కరినైనా నిలదీయవచ్చు. అంటే ఇంటివాళ్లకి మూడు మూడు వేల బాకీలు లేవు, 9,000 బాకీ ఒకటే ఉంది. ఒకరు వెళ్లిపోతే మిగిలినవాళ్లని మొత్తం అడిగే హక్కు వాళ్లకుంది. అలా ఎక్కువ కట్టినవాళ్లు మిగిలినవాళ్ల నుంచి వాళ్ల వాటా రాబట్టుకోవచ్చని కూడా అదే సెక్షన్ చెప్తుంది, ఎవరైనా ఎగ్గొడితే ఆ నష్టాన్ని మిగిలినవాళ్లు సమానంగా భరించాలని కూడా. పిన్నిగారు "మీలో మీరు చూసుకోండి" అన్నది కటువుగా అనిపించినా, ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. అద్దె ఆవిడకి మొత్తంగా అందాలి, వాటాలు మా సొంత వ్యవహారం.

కాబట్టి రూమ్మేట్లకి ఇచ్చే నోటీసు న్యాయంగా ఉందా లేదా అన్నది చట్టంలో రోజులు చూసి తేల్చేది కాదు. మీ మంచానికి ఇంకో మనిషి దొరకడానికి మామూలుగా ఎన్ని రోజులు పడుతుందో అన్ని రోజులు ముందు చెప్పడం న్యాయం. అది ఊరిని బట్టి, నెలని బట్టి మారుతుంది. జూన్, జూలైలో కాలేజీలు తెరుస్తారు, అప్పుడు విజయనగరంలో గదుల కోసం తిరిగే పిల్లలు ఎందరో. ఆ నెలల్లో పది రోజులు ముందు చెప్పినా మంచం నిండిపోవచ్చు. అదే పరీక్షలైపోయి అందరూ ఊళ్లకి వెళ్లిపోయే ఏప్రిల్, మే నెలల్లో నెల ముందు చెప్పినా దొరకరు. శ్రీకాకుళంలో బలగ వైపు నేను ఉన్నప్పుడు ఇది స్పష్టంగా చూశాను, ఎచ్చెర్ల యూనివర్సిటీకి సెలవులిచ్చారంటే మా వీధిలో ప్రతి రెండో గేటుకీ టులెట్ బోర్డు వేలాడేది. పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో షిఫ్టులకి వెళ్లే కుర్రాళ్ల గదుల్లో అయితే కాలేజీ సెలవులతో పనిలేదు, అక్కడ రాకపోకలు కంపెనీల్లో పని దొరకడాన్ని బట్టి ఉంటాయి.

ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఉండనే ఉన్నాయి. ఈ నెలల్లో ఇల్లు మారకూడదని మనవాళ్ల పట్టింపు. మీకు నమ్మకం ఉందా లేదా అన్నది కాదు, రాబోయే మనిషి ఇంట్లో పెద్దవాళ్లకి ఉందా అన్నది ముఖ్యం. అక్క మంచం కోసం ముందు ఒప్పుకున్న బొబ్బిలి అమ్మాయి గది చూసుకుంది, కిటికీ తీసి గాలి వస్తోందో లేదో చూసుకుంది, అంతా బాగుందంది, సాయంత్రానికి ఫోన్ చేసి "అక్కా, మా అమ్మ భాద్రపదంలో వద్దంటోంది, దసరా తర్వాత వస్తాను" అంది. మాకు దసరా అంటే ఇంకో నెల అద్దె. అందుకే శూన్యమాసం ముందు వెళ్లేవాళ్లు వారం పదిరోజులు ఎక్కువ గడువిచ్చి చెప్తే మంచిది, లేదంటే తామే మనిషిని వెతికిపెట్టి వెళ్లాలి.

ఇప్పుడు అద్దె లెక్క. ముందు ఒక ప్రశ్న అడగండి: మీరు అయిదో తారీకున ఇచ్చే అద్దె గడిచిన నెలదా, నడుస్తున్న నెలదా? నవ్వొద్దు, మా ఇంట్లో ఈ విషయంలో ముగ్గురికీ మూడు అభిప్రాయాలున్నాయి. అక్క నడుస్తున్న నెలదనుకుంది. నేను గడిచిన నెలదనుకున్నాను. సాలూరు అమ్మాయి ఎప్పుడూ ఆలోచించలేదు. చివరికి అక్క దిగిన నెల ఫోన్‌పే లెక్కలు వెనక్కి తీసి చూస్తే, మొదటి నెల అద్దె అడ్వాన్సుతో పాటే దిగిన రోజున కట్టినట్టుంది. అంటే ముందుగా కట్టేదే, ఆగస్టు 5న ఇచ్చింది ఆగస్టుదే. ఇది తేలకపోతే మిగతా లెక్కంతా ఒక నెల అటో ఇటో అయిపోతుంది, ఆ తర్వాత ఎంత మంచివాళ్లు కూర్చున్నా తెగదు.

అక్క చెప్పింది ఆగస్టు 18న. నెల గడువంటే సెప్టెంబరు 17తో తీరుతుంది. ఆగస్టు మొత్తం కట్టేసింది. సెప్టెంబరులో 17 రోజులు, రోజుకి వంద చొప్పున 1,700. ఇదీ తన గరిష్ఠ బాధ్యత. 17 దాటాక మంచం ఖాళీగా ఉంటే అది మా ఖర్చే, అక్కని అడగడానికి వీల్లేదు. అలాగే 17 కంటే ముందే కొత్త మనిషి దిగి అద్దె ఇవ్వడం మొదలుపెడితే, ఆ రోజునుంచి అక్కకి బాధ్యత లేదు. ఒకే మంచానికి ఇద్దరి దగ్గర అద్దె తీసుకోవడం తప్పు, ఎంత చిన్న మొత్తమైనా తప్పే. ఇంకోటి, మిగిలినవాళ్లు వెతక్కుండా కూర్చోకూడదు. "17 దాకా డబ్బు వస్తుంది కదా" అని కాలుమీద కాలేసుకుని కూర్చోవడం కుదరదు. నష్టపరిహారం లెక్కించేటప్పుడు, ఆ నష్టాన్ని తగ్గించుకునే దారులు ఉన్నాయా అన్నది కూడా చూడాలని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 వివరణలో ఉంది. మేం వెతికాం. రైతుబజారు దగ్గర, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర కాగితాలు అంటించాం, అక్క కూడా తన ఆసుపత్రిలో అందరికీ చెప్పింది. చివరికి తనకి తెలిసిన అమ్మాయే సెప్టెంబరు 10న దిగింది. అంటే అక్క ఇవ్వాల్సింది 9 రోజులకి 900.

అద్దె తేలింది. అడ్వాన్సు ఇంకా తేలలేదు. నన్నడిగితే ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. అడ్వాన్సు ఆఖరి నెల అద్దె కాదు. "అడ్వాన్సులో చెల్లు వేసుకోండి" అని ఆఖరి నెల అద్దె మానేయడం చాలామందికి అలవాటు. ఇల్లంతా ఒకేసారి ఖాళీ చేస్తుంటే, ఇంటివాళ్లు ఒప్పుకుంటే సరే. కానీ కలిసి ఉన్న ఇంట్లో ఒకరు అలా చేస్తే, ఇంటివాళ్ల దగ్గరున్న 18,000లో వాళ్లేమీ చెల్లు వేయరు, ఆ నెల మిగిలిన ఇద్దరి జేబులోంచీ పోతుంది.

ఇల్లు కొనసాగుతున్నప్పుడు ఇంటివాళ్లు అడ్వాన్సు కదపరు. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో కూడా ఇళ్లకి అడ్వాన్సు రెండు నెలల అద్దెకి మించకూడదనీ, ఇల్లు అప్పగించుకునేటప్పుడు పట్టుకోవాల్సింది పట్టుకుని మిగతాది తిరిగి ఇవ్వాలనీ ఉంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమలౌతుంది. ఏదేమైనా అడ్వాన్సు తిరిగొచ్చేది ఇల్లు అప్పగించినప్పుడు. అందుకే వాడుకలో, కొత్తగా దిగిన మనిషి తన వాటా అడ్వాన్సుని వెళ్లిపోయే మనిషికే ఇచ్చేస్తారు. ఇంటివాళ్ల దగ్గరున్న డబ్బు కదలదు, దాని సొంతదారు మారతారు. ఇది చక్కటి పద్ధతే, రెండు జాగ్రత్తలుంటే. మొదటిది, ఈ మార్పు ఇంటివాళ్లకి తెలియాలి, వాళ్లు సరేనని రాతలో అనాలి. లేదంటే రెండేళ్ల తర్వాత "నాకు అడ్వాన్సు ఇచ్చింది పలాస అమ్మాయి, నీకెందుకివ్వాలి?" అని కొత్తమ్మాయిని అడిగితే ఆమె దగ్గర సమాధానం ఉండదు. రెండోది, పాత మనిషి వాడకంలో జరిగిన నష్టం కొత్త మనిషి నెత్తిన పడకూడదు.

ఆ రెండోదానికి ఉదాహరణ రంగులు. మా కాగితంలో "ఖాళీ చేయునప్పుడు రంగుల నిమిత్తం రూ. 4,500" అని ఉంది. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108 ప్రకారమైతే మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదల అద్దెకున్నవాళ్ల బాధ్యత కాదు, కానీ ఆ సెక్షన్ కూడా ఒప్పందం వేరేగా లేనప్పుడే వర్తిస్తుంది, మేం రాసిచ్చేశాం కాబట్టి ఇవ్వాలి. ఇప్పుడు ఇల్లు ఖాళీ కావడం లేదు కాబట్టి అక్క ఏమీ ఇవ్వక్కర్లేదా? అలా అయితే ఎప్పుడో ఆఖర్న మిగిలినవాళ్లు, గోడల మీద అందరి నూనె మరకలకీ డబ్బు కట్టాలి. మేం ఇలా చేశాం. రంగు అయిదేళ్లు ఉంటుందనుకున్నాం, 60 నెలలు. 4,500ని 60తో భాగిస్తే ఇంటికి నెలకి 75, మనిషికి 25. అక్క ఉన్నది 24 నెలలు, 600. ఆ 600 కొత్తమ్మాయికి దక్కాలి, ఆ మంచం తాలూకు పాత నెలల రంగు ఖర్చు ఇకమీదట మోసేది తను కాబట్టి. అందుకని తను అక్కకి 6,000 బదులు 5,400 ఇచ్చింది. ఎవరైనా ఇంత లెక్కలు అవసరమా అనొచ్చు. లెక్క చేయకపోవడం వల్ల ఎప్పుడూ ఆఖర్న ఉండిపోయినవాళ్లే నష్టపోతారు, వాళ్లు చాలాసార్లు మనలో అందరికంటే తక్కువ జీతం వచ్చేవాళ్లే అయి ఉంటారు. అందుకే నాకిది పట్టింపు.

మామూలు అరుగుదల వేరు, విరగ్గొట్టడం వేరు. వాష్ బేసిన్ పగిలితే పగలగొట్టినవాళ్లది. ఎవరు పగలగొట్టారో తెలియకపోతే అప్పుడు ఉన్నవాళ్లందరిదీ, తర్వాత వచ్చినవాళ్లది మాత్రం కాదు. కొత్త మనిషి దిగే రోజున నాలుగు ఫొటోలు తీసి పెట్టుకుంటే ఈ తగవే ఉండదు.

కరెంటు బిల్లు మీద జరిగే గొడవ డబ్బు పరంగా చాలా చిన్నది, మాటల పరంగా చాలా పెద్దది. నెల మధ్యలో వెళ్లేవాళ్ల వాటా ఎంత? సామాను తీసిన రోజున మీటరు ఫొటో తీయండి, అంతే. మా మీటరు మెట్ల కింద, చెప్పుల స్టాండు వెనక ఉండేది. అక్క ఆటో గేటు దగ్గర ఆగి ఉంటే సాలూరు అమ్మాయి స్టాండు పక్కకి జరిపి, ఫోన్ లైటు వేసి ఫొటో తీసింది: 4436. ఆగస్టు 4న బిల్లు కొట్టినప్పుడు 4310. అంటే ముగ్గురం 21 రోజుల్లో 126 యూనిట్లు కాల్చాం. సెప్టెంబరు 4న బిల్లు వచ్చింది, 4470 దగ్గర, 160 యూనిట్లకి మొత్తం 800. యూనిటుకి సగటున 5 రూపాయలు. 126 యూనిట్లకి 630, ముగ్గురికి పంచితే అక్క వాటా 210. మిగిలిన 34 యూనిట్ల 170 మా ఇద్దరిది. బిల్లుని మూడుతో భాగించి ఉంటే అక్క 267 ఇవ్వాల్సి వచ్చేది. తేడా 57 రూపాయలు. కానీ తను వెళ్లాక మేం వేసుకున్న ఫ్యానుకి తను డబ్బు కట్టిందన్న మాట రాలేదు, మాకు అదే కావాలి.

యూనిట్లు పెరిగేకొద్దీ రేటు పెరిగే శ్లాబుల పద్ధతి కాబట్టి సగటు లెక్క పైసల దాకా కచ్చితం కాదు, అయినా అందరికీ ఒకటే రేటు వేయడమే మంచిది. శ్లాబు దాటించింది ఎవరి యూనిట్లు అని తవ్వడం మొదలుపెడితే తెల్లారిపోతుంది. ఇంధన సర్దుబాటు, ట్రూఅప్ అంటూ ఎప్పటివో నెలల వాడకానికి ఇప్పటి బిల్లులో ఛార్జీలు వేస్తుంటారు కదా, వెళ్లిపోయినవాళ్ల వాటా కూడా అందులో ఉండొచ్చు. దానికోసం ఆర్నెల్ల తర్వాత ఫోన్ చేసి అడక్కండి. ఆఖరి బిల్లుతో కరెంటు లెక్క మూసేద్దామని ముందే అనుకోవాలి.

కలిపి కొన్న వస్తువుల సంగతి తొందరగా చెప్పేస్తాను. ఫ్రిజ్జు, మిక్సీ లాంటివి కొన్నప్పటి ధరలో వాటా అడక్కూడదు, ఇవాళ అమ్మితే ఎంతొస్తుందో దాంట్లో వాటా. గ్యాసు బండ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లదే, లోపలున్న గ్యాసు గురించి మాట్లాడుకోవడం అనవసరం. వైఫై ఎవరి పేరున ఉందో వాళ్లు వెళ్తుంటే, వెళ్లేముందే పేరు మార్పించుకోవాలి.

కాగితం మీద పేరున్న మనిషే వెళ్లిపోవడం అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సిన సందర్భం. మా ఇంట్లో జరిగింది అదే కదా. ఇంటివాళ్ల దృష్టిలో అద్దెకున్నది అక్క, మేం తనతో ఉన్నవాళ్లం. తను ఇంటివాళ్లకి నోటీసిచ్చి వెళ్లిపోతే, గట్టిగా మాట్లాడితే, మేం ఏ హక్కుతో అక్కడున్నామో చెప్పుకోవడానికి మా దగ్గర కాగితం లేదు. తనకీ ప్రమాదమే: పేరు తీయించుకోకుండా వెళ్లిపోతే, మేం అద్దె ఎగ్గొట్టినా అడిగేది తననే. కాబట్టి అలాంటప్పుడు లెక్కలకంటే ముందు కాగితం. పాతదాని మీద ఫలానా తేదీతో ముగిసిందని ఇద్దరూ సంతకం పెట్టుకోవాలి, కొత్తది ఉండేవాళ్లందరి పేర్లతో రాసుకోవాలి, 18,000 అడ్వాన్సు ఎవరెవరిదో అందులో విడివిడిగా రాయాలి. పిన్నిగారు మొదట "అదంతా ఎందుకమ్మా, నాకు మీ మీద నమ్మకం లేదా?" అన్నారు. "నమ్మకం లేక కాదు పిన్నిగారూ, రేపు మేమూ వెళ్లిపోతే వచ్చేవాళ్లకి తెలియాలి కదా" అన్నాను. అప్పుడు పెట్టారు సంతకం.

ఒక్కో మంచానికి ఇంటివాళ్లే విడిగా అద్దె తీసుకునే చోట్ల ఈ బాధలేవీ ఉండవు. అక్కడ మీ ఒప్పందం ఇంటివాళ్లతోనే, పక్క మంచం ఖాళీ అయినా మీ అద్దె పెరగకూడదు. పెంచుతామంటే కుదరదని చెప్పండి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఒకరిని వెళ్లిపొమ్మనేది మిగిలినవాళ్లే అయినప్పుడు కూడా ఇదే గడువు వర్తించాలి. "మా చెల్లి వస్తోంది, నువ్వు వేరే చూసుకో" అని వారం ముందు చెప్పడం, అదీ సెమిస్టరు పరీక్షల ముందు, చాలా అన్యాయం. వెళ్లేవాళ్లని నెల అడుగుతున్నామంటే పంపించేవాళ్లం కూడా నెల ఇవ్వాలి, ఆ నెలలో వాళ్లకి ఇల్లు ముందే దొరికి త్వరగా వెళ్లిపోతే మిగిలిన రోజుల అద్దె తిరిగి ఇచ్చేయాలి, అడ్వాన్సు వాటా వెళ్లే రోజునే చేతిలో పెట్టాలి. కొత్త మనిషి డబ్బు వచ్చేదాకా ఆగమనకూడదు, ఎందుకంటే వెళ్లాలన్న నిర్ణయం వాళ్లది కాదు.

జబ్బు చేసో, ఇంట్లో ఎవరైనా పోయో ఉన్నపళంగా వెళ్లిపోయినవాళ్ల దగ్గర నోటీసు డబ్బు పట్టుకోవడం నాకు మనసొప్పదు. నా వరకు అలాంటప్పుడు వాళ్లు ఉన్న రోజుల వరకే లెక్కవేసి మిగతాది ఇచ్చేస్తాను. అది హక్కుల లెక్కలోకి వచ్చేది కాదు, మిగిలిన అందరూ ఒప్పుకుంటేనే అవుతుంది.

ఎంత చెప్పినా తేలకపోతే? డబ్బు రాబట్టుకోవడానికి మామూలుగా మూడేళ్ల గడువుంటుంది, తొందరపడి తిట్టుకోనక్కర్లేదు. అయిదారు వేల కోసం కోర్టులో దావా వేయడం కంటే, విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలున్నాయి, అక్కడ అర్జీ పెట్టుకోవచ్చు. కేసు వేయకముందే ఇలాంటి తగవుల్ని లోక్ అదాలత్ ముందు పెడతారు, కోర్టు ఫీజు ఉండదు. రెండు పక్షాలూ ఒప్పుకుంటే అక్కడ ఇచ్చే తీర్పుకి (దాన్నే అవార్డు అంటారు) సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. అక్కడికి వెళ్లినా ముందు అడిగేది తేదీలే: ఎప్పుడు చెప్పారు, ఎలా చెప్పారు, తాళం ఎప్పుడిచ్చారు. అందుకే నోటితో చెప్పిన రోజే ఫోన్లో ఒక మెసేజ్ కూడా పెట్టండి. ఇంటివాళ్లకి మాత్రం సంతకంతో కాగితమే ఇవ్వాలి, రెండు ప్రతులు రాసి ఒకదాని మీద అందిందని వాళ్ల సంతకం తీసుకోవాలి. మెసేజ్‌లో పెద్దగా రాయాల్సిందేమీ లేదు. "నేను ఫలానా తేదీన వెళ్తున్నాను, నా అద్దె బాధ్యత ఫలానా తేదీ వరకు, ఆ లోపు కొత్త మనిషి దిగితే ఆ రోజు వరకు" అని ఉంటే చాలు.

సెప్టెంబరు 10 సాయంత్రం కొత్తమ్మాయి పరుపు చుట్టతో దిగింది. అక్కకి తన దగ్గర్నుంచి 5,400 వెళ్లింది. అక్క మాకు 900 అద్దె, 210 కరెంటు కలిపి 1,110 పంపింది. అంటే తన చేతికి మిగిలింది 4,290. ఆ అంకెలన్నీ సాలూరు అమ్మాయి తన కోచింగ్ నోట్సు వెనక పేజీలో రాసి, ఫొటో తీసి నలుగురికీ పెట్టింది, కింద "ఇంతటితో ఇంటి లెక్క పూర్తి, ఎవరికీ ఎవరూ బాకీ లేరు" అని రాసి. అక్క అయిదు నిమిషాల్లో "సరే" అని పెట్టింది, ఆ వెంటనే ఫోన్ చేసి, తను వంటింటి గూట్లో మర్చిపోయిన ఆవకాయ జాడీ పైడితల్లి పండక్కి వచ్చినప్పుడు తీసుకుంటానని చెప్పింది.